ఒట్టు వేయనివాళ్ళను సర్కార్లు ఏం చేశాయి

(ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినబడుతోందా? సరే.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన ఊళ్ళలో ఆర్‌సీఎం వాళ్ళు జ్ఞానస్నానం అంటారు, మిగతా సంఘాలవాళ్ళు బాప్తిస్మం అంటారు. ఆర్‌సీఎం వాళ్ళు పసిబిడ్డకు ఇస్తారు. సీఎస్‌ఐ వాళ్ళూ, లూథరన్లూ కూడా పసిబిడ్డకే. బాప్టిస్టులు, మెన్నొనైట్ బ్రెదరెన్ వాళ్ళు, పెంతెకొస్తు వాళ్ళు మాత్రం మనిషి ఎదిగి, నేను నమ్ముతున్నాను అని నోటితో చెప్పాకే నీళ్ళలోకి దింపుతారు. ఒకే వీధిలో ఈ రెండు రకాల చర్చీలూ ఉంటాయి. ఒకరిని చూసి ఒకరు విసుక్కుంటే విసుక్కుంటారు. అంతేగానీ ఆ తగువు పట్టుకుని తాసీల్దారు దగ్గరకు ఎవరైనా పోతారా? తాసీల్దారుకు ఇందులో ఏం పని?

16వ శతాబ్దపు యూరప్‌లో తాసీల్దారుకే పని పడింది. ఇవాళ నేను చెప్పబోయేది అదే. పాస్టర్ల వాదనలు కాదు. సర్కారు ఏం చేసింది, ఏ చట్టం తీసింది, ఎవరిని పంపింది, పట్టుకొచ్చాక ఏం అడిగింది, ఎక్కడ ఇరుక్కుపోయింది. ఈ అనాబాప్టిస్టుల గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా మంటల దగ్గరే ఆగిపోతారు. నాకు ఆ మంట వెనక ఉన్న కాగితం కావాలి. ఎందుకంటే మంట ఒక గంటలో ఆరిపోతుంది, కాగితం 200 ఏళ్ళు నడిచింది.

అనాబాప్టిస్టు అంటే మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాడు అని అర్థం. ఈ పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదు. వాళ్ళు తమను సహోదరులు అనుకునేవాళ్ళు. "పసిబిడ్డకు ఇచ్చింది బాప్తిస్మమే కాదు, కాబట్టి మాది రెండోది కాదు, మాదే మొదటిది" అని వాళ్ళ వాదన. మరి సర్కార్లు ఈ పేరునే ఎందుకు పట్టుకు వేలాడాయి? ఇది గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో వస్తాను. ఆ పేరులోనే కేసు ఉంది.

పసిబిడ్డ నెత్తిన నీళ్ళు పోయకపోతే సర్కారుకు పోయేదేమిటి? ఆ రోజుల్లో ఊరూ, చర్చీ రెండు కావు. పుట్టిన ప్రతి బిడ్డా బాప్తిస్మంతో సంఘంలోకి వస్తుంది, అదే దారిలో ఊళ్ళోకి, ప్రభువు చేతికిందికి వస్తుంది. దశమభాగం కట్టేదీ అందులోనే, పెళ్ళి చెల్లేదీ అందులోనే. ఒకడు వచ్చి, నా బిడ్డ పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది అన్నాడనుకోండి. అంటే ఊళ్ళో ఉండటం, సంఘంలో ఉండటం రెండు వేరు వేరు సంగతులు అన్నట్టే కదా?

దానికి తోడు ఒట్టు. ఇది ఇంకా పెద్ద చిక్కు. మనం ఒట్టు తీసి గట్టున పెట్టు అనేస్తాం. వాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. స్విస్, జర్మన్ నగరాల్లో ఏటా పౌరులంతా ఒకచోట చేరి నగరానికి విధేయులమని ఒట్టు వేయాలి. కోర్టులో సాక్షి ఒట్టు వేయాలి. పనివాడు, కాపలావాడు, జడ్జి, అందరూ ఒట్టు మీద బతికేవాళ్ళే. పోలీసు లేని రాజ్యం అది, ఒట్టే దాని పోలీసు. ఈ సహోదరులు మత్తయి సువార్త 5వ అధ్యాయం తెరిచి చూపించారు: "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను." కాబట్టి ఒట్టు వేయం. కత్తి పట్టం. అధికార పదవుల్లో కూర్చోం. 1527 ఫిబ్రవరి 24న స్విస్ సరిహద్దులోని ష్లైట్‌హైమ్‌లో ఏడు అంశాలు రాసుకున్నారు, అందులో ఈ మూడూ ఉన్నాయి. అందరూ ఒప్పుకున్నారని కాదు. హుబ్‌మయర్ లాంటి బోధకులు కత్తి విషయంలో వేరుగా ఆలోచించారు. కానీ సర్కారుకు ఈ తేడాలు పట్టలేదు. ఎందుకు పట్టలేదు? 1525లో దక్షిణ, మధ్య జర్మనీలో రైతులు తిరగబడ్డారు. ఆ భయం ఇంకా దిగలేదు. నలుగురు అడవిలో రాత్రిపూట కలిశారంటే చాలు, మళ్ళీ మొదలైంది అనుకున్నారు.

ఇక స్విస్ నగరం జ్యూరిక్‌కు వద్దాం. తేదీలు రాసుకునేవాళ్ళు రాసుకోండి. 1525 జనవరి 17న నగర సభ ముందు వాదం జరిగింది. ఒక వైపు ఆ నగరపు చర్చి సంస్కర్త జ్వింగ్లీ, ఇంకో వైపు ఆయన శిష్యులే అయిన కాన్రాడ్ గ్రేబెల్, ఫెలిక్స్ మాంజ్. మర్నాడు, 18న, సభ ఉత్తర్వు ఇచ్చింది: బాప్తిస్మం ఇవ్వని బిడ్డలు ఉంటే ఎనిమిది రోజుల్లో ఇప్పించాలి, లేకపోతే కుటుంబం నగరం విడిచి పోవాలి. 21న ఇంకో ఉత్తర్వు, మీ కూటాలు ఆపండి అని. ఆ సాయంత్రమే వాళ్ళు కూడి, గ్రేబెల్ చేత బ్లౌరాక్ అనే సహోదరుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఉత్తర్వు సిరా ఆరకముందే.

తర్వాత ఏం జరిగిందో వరసగా చూడండి. ఒక్కసారిగా ఉరికంబం ఎక్కించలేదు. ముందు జరిమానా. తర్వాత జైలు. తర్వాత బహిష్కారం. పంపేసినవాళ్ళు తిరిగొచ్చారు. 1526 మార్చి 7న సభ రెండు పనులు చేసింది. లోపల ఉన్నవాళ్ళను రొట్టె, నీళ్ళ మీద, గడ్డి పరుపు మీద, చచ్చేవరకు టవర్‌లోనే ఉంచాలంది. బయట ఉన్నవాళ్ళలో ఇకమీదట ఎవరైనా బాప్తిస్మం ఇస్తే నీట ముంచి చంపుతామంది. లోపల ఉన్నవాళ్ళు రెండు వారాల్లో కిటికీలోంచి తాడు వేసుకుని దిగిపోయారు. అదీ ఆ రోజుల్లో జైలు. నవంబరులో మళ్ళీ ఉత్తర్వు, ఈసారి కూటాల్లో బోధించేవాళ్ళకూ అదే శిక్ష.

అదే 1526లో జ్యూరిక్ ఇంకో పని చేసింది. చర్చీల్లో బాప్తిస్మ రిజిస్టరు పెట్టించింది. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు. ఏ ఇంట్లో బిడ్డ పుట్టి కూడా రిజిస్టరు ఎక్కలేదో దానితో ఇట్టే తెలిసిపోతుంది. ఇవాళ యూరప్‌లో వంశవృక్షాలు వెతుక్కునేవాళ్ళు ఎంతో ఇష్టంగా తిరగేసే ఆ పుస్తకాలు, జ్యూరిక్‌లో మొదలైంది ఇందుకు.

1527 జనవరి 5, శనివారం. మాంజ్‌కు శిక్ష. తీర్పులో ఎలా ముంచాలో కూడా రాశారు. తలారి చేతులు కట్టి పడవ ఎక్కించాలి. కట్టిన చేతులను మోకాళ్ళ మీదుగా కిందికి దించాలి. మోకాళ్ళకూ చేతులకూ మధ్య ఒక కర్ర దూర్చాలి. అలా కదలకుండా చేసి లిమ్మత్ నదిలోకి తోసేయాలి. ఆస్తి నగరానికి. గమనించండి, తీర్పులో నీ నమ్మకం తప్పు అని మాత్రమే లేదు. ఇలాంటి బోధ వల్ల ప్రభుత్వం మీద తిరుగుబాటు పుడుతుంది అని ఉంది. నీళ్ళు అడిగినవాడికి నీళ్ళే ఇద్దాం అని అప్పట్లో వెటకారం. అదే రోజు బ్లౌరాక్‌ను మాత్రం చంపలేదు. ఎందుకు? అతను జ్యూరిక్ మనిషి కాదు, గ్రౌబ్యుండెన్ వాడు, పరాయి రాజ్యపు మనిషి. నడుం దాకా బట్టలు ఊడదీసి, వీధుల వెంట కొరడాలతో కొట్టి బయటికి తోశారు. ఇద్దరిదీ ఒకటే నేరం. చావు ఎవరికి, దెబ్బలు ఎవరికి అన్నది ఎవరు ఎవరి ఏలుబడిలోని మనిషి అన్నదాన్ని బట్టి తేలింది.

గ్రూనింగెన్ సంగతి కూడా చెప్పి పోతాను, దీన్ని చాలామంది వదిలేస్తారు. అది జ్యూరిక్ కింద ఉన్న తాలూకా. అక్కడివాళ్ళను మేమే శిక్షిస్తాం అని జ్యూరిక్ అంటే, మా కోర్టు మాకుంది, మా హక్కు మాది అని గ్రూనింగెన్ పెద్దలు మొండికేశారు. అనాబాప్టిస్టుల మీద ప్రేమతో కాదు సుమా, హక్కు పోతుందని. తగవు బెర్న్ దాకా పోయింది, జ్యూరిక్ గెలిచింది. అది తేలాకే 1528 సెప్టెంబరులో యాకోబ్ ఫాల్క్‌నూ, హైనీ రైమన్‌నూ ముంచారు. అంతకాలం వాళ్ళు జైల్లో ఉన్నది వేదాంతం తేలక కాదు, అధికార పరిధి తేలక.

ఇప్పుడు సామ్రాజ్యం సంగతి, అంటే జర్మన్ రాజ్యాల మీద ఉన్న పవిత్ర రోమన్ సామ్రాజ్యం. ఒక్కో నగరం ఒక్కో రకంగా శిక్షిస్తే కుదరదు, అంతటికీ ఒకే చట్టం కావాలి. 1529లో స్పేయర్‌లో సామ్రాజ్య సభ, డైట్ అంటారు, కూర్చుంది. ఏప్రిల్ 19న లూథర్ పక్షం ప్రభువులు లేచి, మనస్సాక్షి విషయంలో మెజారిటీ తీర్పుకు మేం కట్టుబడం అని ప్రొటెస్ట్ చేశారు. ప్రొటెస్టెంటు అన్న పేరే ఆ రోజు పుట్టింది. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 23 తేదీతో, అదే సభ నుంచి అనాబాప్టిస్టుల మీద శాసనం వచ్చింది. ఆ ప్రభువులు దానికి అడ్డు పడ్డారా? లేదు. మనస్సాక్షి నాలుగు రోజులు కూడా నిలవలేదా అని మీరు నవ్వుకోవచ్చు. వాళ్ళకు మాత్రం అందులో వైరుధ్యం కనబడలేదు.

ఆ శాసనంలో ఏముంది? బాప్తిస్మం మళ్ళీ ఇచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు, వయసొచ్చిన ఆడ, మగ అందరికీ మరణం. మంటా, కత్తా, మరొకటా అన్నది సందర్భాన్ని బట్టి. చర్చి కోర్టు విచారణ ముందు జరగాల్సిన పని లేదు. ఈ ముక్క చాలా ముఖ్యం, మళ్ళీ చెబుతాను: చర్చి కోర్టు అక్కర్లేదు. అంతకుముందు పద్ధతి ఏమిటి? చర్చి విచారించి మతద్రోహి అని తేల్చాలి, అప్పుడు సర్కారు చేతికి అప్పగించాలి. ఇప్పుడు ఆ మెట్టు ఎత్తేశారు. తప్పు ఒప్పుకుని వెనక్కు వచ్చినవాణ్ణి క్షమించవచ్చు, కానీ ఊరు దాటి పోనివ్వకూడదు, కళ్ళ ముందే ఉండాలి. బోధకులకూ, ఒకసారి ఒప్పుకుని మళ్ళీ జారినవాళ్ళకూ క్షమాభిక్ష లేదు. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించకపోయినా ఇదే కేసు. ఒక ప్రభువు రాజ్యం నుంచి పారిపోయినవాణ్ణి ఇంకో ప్రభువు దాచకూడదు.

మరి చర్చి విచారణ లేకుండా నేరం ఎలా రుజువవుతుంది? ఇక్కడే ఆ పేరు అక్కరకొచ్చింది. రోమన్ చక్రవర్తుల కాలంలో, సా.శ. 413లో, మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాళ్ళకు మరణశిక్ష అని ఒక చట్టం వచ్చింది. జస్టీనియన్ సంహితలో అది చేరింది. ఉత్తర ఆఫ్రికాలో డోనాటిస్టులు అనే, చర్చి నుంచి చీలిపోయిన వర్గం గొడవ నాటి చట్టం. దాదాపు 1,100 ఏళ్ళ నాటి ఆ బూజు దులిపి బయటికి తీశారు. ఈ మనిషి పేరు అనాబాప్టిస్టు అయితే చాలు, సెక్షన్ సిద్ధంగా ఉంది. వేదాంతం రుజువు చేయనక్కర్లేదు, నీళ్ళు పోసుకున్నాడా లేదా, అంతే.

దీన్ని అప్పుడే పట్టుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. ష్వేబిష్ హాల్ నగరంలో లూథరన్ బోధకుడు యోహానెస్ బ్రెంజ్. 1528లోనే రాశాడు: ఆ పాత చట్టం వేరే సందర్భానిది, దీనికి అతకదు. వీళ్ళు ఆస్తి ఉమ్మడిగా పెట్టుకుంటారని భయమా? మఠాల్లో సన్యాసులదీ ఉమ్మడి ఆస్తే కదా. కత్తి పట్టరని కోపమా? పాదిరీలు పడతారా ఏమిటి? అలా అయితే వాళ్ళనూ శిక్షించండి అన్నాడు. లూథర్ కూడా అదే ఏడు, పాపం, ఈ మనుషులను ఇంత ఘోరంగా చంపడం సరి కాదు అనే రాశాడు. కానీ 1531లో లూథర్ సహచరుడు మెలాంక్‌థన్ మరణశిక్షను సమర్థిస్తూ నివేదిక రాస్తే, లూథర్ కింద సమ్మతి సంతకం పెట్టాడు. మూడేళ్ళలో మనిషి మారాడు.

సరే, చట్టం వచ్చింది. అమలు ఎలా? శ్వాబియన్ లీగ్ అని దక్షిణ జర్మనీ ప్రభువుల కూటమి ఉంది. 1528లోనే 400 మంది గుర్రపు రౌతులను పంపింది, ఊళ్ళు తిరిగి దొరికినవాణ్ణి దొరికినచోటే శిక్షించమని. ఇది తీవ్రమైన పద్ధతి. మామూలు పద్ధతి కాగితం మీద నడిచేది. పట్టుకొచ్చాక ప్రశ్నల జాబితా ఉంటుంది. నీకు బాప్తిస్మం ఎవరిచ్చారు? ఎక్కడ? ఎప్పుడు? పక్కన ఎవరున్నారు? ఎవరింట తిన్నావు? మీలో గుర్తులేమిటి? ఒట్టోమన్ టర్కులు దండెత్తి వస్తే పోరాడతావా? ఇందులో దేవుడి గురించి ఎన్ని ప్రశ్నలున్నాయో చూడండి. పేర్లు కావాలి వాళ్ళకు. మొదటిసారి మామూలుగా అడుగుతారు, రెండోసారి చేతులు వెనక్కు కట్టి తాడుతో పైకి లాగి అడుగుతారు. అందుకే సహోదరులు ఒక జాగ్రత్త నేర్చుకున్నారు: ఒకరి పేరు ఒకరు అడగకూడదు. తెలియని పేరు చిత్రహింసలోనూ బయటికి రాదు.

ఔగ్స్‌బర్గ్‌లో 1528 ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున సుసన్నా డౌఖర్ అనే ఆమె ఇంట్లో కూటం జరుగుతుంటే కాపలావాళ్ళు చుట్టుముట్టి 88 మందిని పట్టుకున్నారు. బయటి ఊరివాళ్ళను వెంటనే నగరం దాటించారు. ఊళ్ళోవాళ్ళను విచారించి, కొందరిని పంపేశారు, ఇంట్లో కూటానికి చోటిచ్చినవాళ్ళ చెంపల మీద వాత పెట్టారు. అంతకు కొన్ని నెలల ముందు, 1527 డిసెంబరులో, అదే నగరంలో హాన్స్ హుట్ అనే బోధకుడు జైలు గదిలో నిప్పంటుకుని పొగకు చనిపోయాడు. చనిపోయాడు కదా, కేసు మూసేయొచ్చు కదా? మూయలేదు. శవాన్ని కుర్చీలో కోర్టుకు తెచ్చి, తీర్పు చదివి, కాల్చారు. ఆఫీసు అంటే అదే మరి.

తప్పు ఒప్పుకుంటే ఏమవుతుంది? కొన్ని ఆదివారాలు చర్చిలో అందరి ముందు నిలబడి తప్పు చదవాలి. ఆయుధం పెట్టుకోకూడదు, సత్రాలకు, కూటాలకు పోకూడదు. విడుదలయ్యేవాడు ఒక కరారు ఇవ్వాలి, పగ తీర్చుకోను, తిరిగి రాను అని. దేని మీద? ఒట్టు మీద! ఒట్టు వేయనని కదా వాడు జైలుకొచ్చింది. కొందరు వేయలేదు, లోపలే ఉండిపోయారు. కొందరు ఏదో మాట ఇచ్చి బయటపడి, భార్యాబిడ్డల కోసం తిరిగొచ్చారు. అప్పుడు సర్కారుకు పని సులువైంది. మతం కేసు కాదు, మాట తప్పిన కేసు. చాలా తీర్పుల్లో ఆ ముక్క కనబడుతుంది.

ఎంతమంది చనిపోయారు? స్విట్జర్లాండు, దక్షిణ, మధ్య జర్మనీ, ఆస్ట్రియా, బొహీమియా ప్రాంతాల రికార్డులు లెక్కపెడితే, 1525 నుంచి 1618 దాకా 845 వస్తుంది, ఖాయంగా తెలిసినవీ, దాదాపు ఖాయమైనవీ కలిపి. అందులో 352 ఒక్క 1528, 1529 రెండేళ్ళలోనే. ఎక్కువ భాగం కాథలిక్ ప్రభుత్వాల కింద. దిగువ దేశాలది, అంటే ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం వైపుది, ఈ లెక్కలో లేదు, అది వేరే. వేలకు వేలు అని ఊదరగొట్టే పుస్తకాలను కొంచెం అనుమానంగానే చూడండి. ఇంతమందిని పట్టుకోవడానికే ఆ రోజుల సర్కారు కిందామీదా పడింది.

ఎక్కడ కిందామీదా పడింది? టిరోల్ చూద్దాం. చక్రవర్తి తమ్ముడు ఫెర్డినాండ్ సొంత రాజ్యం, అన్నిటికంటే కఠినంగా నడిచిన చోటు. రాటెన్‌బర్గ్‌లో 71 మంది, కిట్స్‌బ్యూల్‌లో 68 మంది అని హుట్టరైట్లు, అంటే హుట్టర్ అనే బోధకుడి వెంట నడిచిన అనాబాప్టిస్టులు, తమ చరిత్రలో రాసుకున్నారు. అయినా ఇన్స్‌బ్రుక్‌లోని టిరోల్ ప్రభుత్వం కింది కోర్టుల మీద ఎప్పుడూ ఫిర్యాదే. తీర్పు చెప్పాల్సింది ఊరి జ్యూరీ మనుషులు. ఆ ముద్దాయి ఎవరు? పక్కింటి చెప్పులు కుట్టేవాడు, దొంగతనం ఎరగడు, తాగడు, అప్పు ఎగ్గొట్టడు. వీడిని తలారికి అప్పగించమంటే వాళ్ళకు చేతులు రాలేదు. పట్టిచ్చినవాళ్ళకు డబ్బు ఆశ చూపాల్సి వచ్చింది. చంపినచోట అనాథలు మిగిలారు, వాళ్ళ తిండి ఖర్చు జప్తు చేసిన ఆస్తిలోంచి తీయాలి. పేద రైతు ఆస్తి ఎంత?

ఇంకో చిక్కు, కట్టి కాల్చే కొయ్య దగ్గర ముద్దాయిలు మాట్లాడతారు. జనం పోగవుతారు, వీళ్ళు బోధ మొదలుపెడతారు. సర్కారే ఖర్చు పెట్టి కూటం పెట్టించినట్టు అయింది. అందుకే నాలుక కోయడం, నోట్లో గుడ్డ కుక్కడం. 1535 చివర్లో యాకోబ్ హుట్టర్‌ను క్లౌజెన్‌లో పట్టుకుని నోట్లో గుడ్డ కుక్కే ఇన్స్‌బ్రుక్‌కు తెచ్చారు. జనం చూడకుండా తెల్లవారుజామున కత్తితో కానిచ్చేద్దాం అని అక్కడి అధికారులు సలహా ఇచ్చారు. ఫెర్డినాండ్ ఒప్పుకోలేదు, బహిరంగంగా కాల్చాల్సిందే అన్నాడు. 1536 ఫిబ్రవరి 25న కాల్చారు. కింది ఆఫీసరుకు ఊరి నాడి తెలుసు, పైవాడికి తెలియదు. ఇది మనకు కొత్త సంగతేం కాదు.

పనివాళ్ళు పోవడం ఇంకో నష్టం. పిల్‌గ్రామ్ మార్పెక్ అనే ఆయన రాటెన్‌బర్గ్‌లో గనుల మేజిస్ట్రేటు, సర్కారు మనిషి. అనాబాప్టిస్టు గని కూలీల పేర్లు పట్టివ్వమని పై నుంచి ఒత్తిడి. 1528 జనవరిలో ఉద్యోగం, ఆస్తి రెండూ వదిలి వెళ్ళిపోయాడు. స్ట్రాస్‌బర్గ్ చేరి, బ్లాక్ ఫారెస్టు నుంచి నదుల మీద కలప తేల్చి తెచ్చే ఏర్పాటు చేశాడు. పసిబిడ్డల బాప్తిస్మం మీద నోరు మూసుకోలేదు గనక 1532లో ఆ నగరం పంపేసింది. 1544 నుంచి ఔగ్స్‌బర్గ్‌లో నగర ఇంజినీరు, నీటి ఏర్పాట్లు ఆయన చేతిలో. అదే ఔగ్స్‌బర్గ్, చెంపల మీద వాతలు పెట్టిన ఔగ్స్‌బర్గ్. కూటాలు మానమని పదేపదే హెచ్చరించింది, ఆయన మానలేదు, వాళ్ళు తీసేయలేదు. 1556లో చనిపోయేదాకా ఉద్యోగంలోనే ఉన్నాడు. ఊరికి నీళ్ళు కావాలి మరి. మొరావియా (ఇప్పటి చెక్ దేశంలోది) జమీందార్లు కూడా ఇలాగే. హుట్టరైట్లు మంచి సేద్యగాళ్ళు, కుండలు, కత్తులు, గడియారాలు చేసేవాళ్ళు. ఫెర్డినాండ్ గట్టిగా ఉరిమినప్పుడు వెళ్ళగొట్టారు, ఉరుము ఆగగానే పిలిచారు.

పరిధి తగవుకు ఇంకో ఉదాహరణ చెప్పాలి, ఇది నన్ను వదలదు. హౌస్‌బ్రైటెన్‌బాఖ్ అనే చిన్న ప్రాంతం హెస్సే, సాక్సనీ ఉమ్మడి ఏలుబడిలో ఉంది. అక్కడ ఫ్రిట్జ్ ఎర్బే అనే రైతు బిడ్డకు బాప్తిస్మం ఇప్పించలేదు. సాక్సనీ చంపుదామంది. హెస్సే ప్రభువు ఫిలిప్, నమ్మకం కోసం ఒక్కణ్ణీ చంపించని మనిషి, కుదరదన్నాడు. మధ్యేమార్గం ఏం దొరికింది? యావజ్జీవం. 1533 నుంచి ఐజెనాఖ్ నగరపు టవర్‌లో పెట్టారు. రాత్రిపూట జనం వచ్చి కిందనుంచి అతనితో మాట్లాడటం మొదలైంది. దాంతో 1540లో వార్ట్‌బర్గ్ కోటకు మార్చి, టవర్ అడుగున చీకటి గోతిలోకి దించారు. 1548లో అక్కడే పోయాడు. గోడ మీద గీసుకున్న పేరు తర్వాత దొరికింది. వార్ట్‌బర్గ్ అంటే ఏ కోటో తెలుసు కదా? లూథర్ తలదాచుకుని కొత్త నిబంధన అనువదించిన కోట. ఇద్దరు ప్రభువులు రాజీపడితే మధ్యలో ఉన్నవాడికి 15 ఏళ్ళు పట్టింది చావడానికి.

ఫిలిప్ అంటే మెత్తనివాడనుకోకండి. బహిష్కారం ఉంది, కొరడా ఉంది, మెల్కియర్ రింక్ అనే అనాబాప్టిస్టు బోధకుణ్ణి జీవితాంతం జైల్లో పెట్టాడు. కానీ 1538లో వాదించడానికి స్ట్రాస్‌బర్గ్ నుంచి బుట్సర్ అనే ప్రొటెస్టెంటు బోధకుణ్ణి పిలిపించాడు. అనాబాప్టిస్టులు ఆయనతో అన్నారు, మీ చర్చిలో క్రమశిక్షణ లేదు, ఎవడైనా సభ్యుడే, నమ్మినా నమ్మకపోయినా. బుట్సర్ అందులో నిజం ఉందని ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే హెస్సేలో కొత్త క్రమం వచ్చింది: పసిబిడ్డకు బాప్తిస్మం సరే, పెరిగాక సంఘం ముందు తన నోటితో విశ్వాసం చెప్పాలి. కన్ఫర్మేషన్. చాలామంది అనాబాప్టిస్టులు తిరిగొచ్చారు. తలారి చేయలేని పనిని ఒక ఆరాధన క్రమం చేసింది. సీఎస్‌ఐలో నిర్ధారణ తీసుకున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ప్రొటెస్టెంట్ల దగ్గర అది ఆ రూపం తీసుకోవడంలో ఈ తగవుకూ చేయి ఉంది.

మ్యూన్‌స్టర్ గురించి చెప్పలేదేం అని ముందు వరుసలో ఒకరు సైగ చేస్తున్నారు. చెబుతాను, కానీ క్లుప్తంగా, ఎందుకంటే అందరూ అదొక్కటే చెబుతారు. 1534 ఫిబ్రవరి నుంచి 1535 జూన్ దాకా ఆ నగరం అనాబాప్టిస్టుల చేతిలో ఉంది. కత్తి పట్టారు, బలవంతపు బాప్తిస్మాలు, బహుభార్యాత్వం, అన్నీ జరిగాయి. బిషప్ ముట్టడించి పట్టుకున్నాడు. 1536 జనవరిలో ముగ్గురు నాయకులను చంపి ఇనుప బోనుల్లో వేలాడదీశారు. ఆ బోనులు ఇప్పటికీ సెయింట్ లాంబెర్ట్ చర్చి టవర్ మీద ఉన్నాయి. నేను అడిగేది ఒకటే. స్పేయర్ శాసనం ఎప్పటిది? 1529. మాంజ్ ఎప్పుడు? 1527. మ్యూన్‌స్టర్ వల్ల చంపారు అనేది తిరగేసిన లెక్క. మ్యూన్‌స్టర్ తర్వాత వాళ్ళకు సాకు దొరికింది, అది నిజం.

ఆ సాకు బలంగా దిగింది దిగువ దేశాల మీద. 1535 జూన్ 10, మ్యూన్‌స్టర్ ఇంకా ముట్టడిలోనే ఉంది, బ్రస్సెల్స్ నుంచి శాసనం. పట్టు విడవని వాళ్ళకు మంట. తప్పు ఒప్పుకుంటే బతకనిస్తారా? లేదు, చావు కొంచెం మారుతుంది. మగవాళ్ళకు కత్తి, ఆడవాళ్ళను సజీవంగా పూడ్చడం. పట్టిచ్చినవాడికి జప్తు ఆస్తిలో మూడో వంతు. 1542లో అక్కడి అనాబాప్టిస్టు నాయకుడు మెన్నో సైమన్స్ తల మీద 100 బంగారు గిల్డర్ల ఇనాం. ఆయనకు ఇంట్లో చోటిచ్చిన రైతును 1539లోనే చంపారు. ఈ మెన్నో పేరు మీదే మెన్నొనైట్లు. వాళ్ళ సంతతి విస్తులా నది ఒడ్డుకు, అక్కడి నుంచి రష్యాకు, అక్కడి నుంచి ఒక కుటుంబం 1890 ప్రాంతంలో మన నల్లగొండకు వచ్చింది. పాలమూరు జిల్లా మెన్నొనైట్ బ్రెదరెన్ చర్చీల వెనక ఇంత దారి ఉంది.

రానురాను ఖర్చు తగ్గించే పద్ధతులు వచ్చాయి. 1539 చివర్లో ఆస్ట్రియాలోని స్టైనాబ్రున్‌లో ఒకేసారి 150 మంది దాకా పట్టుకుని, అందులో సుమారు 90 మంది మగవాళ్ళను గొలుసులతో ట్రియెస్ట్ రేవుకు నడిపించారు, యుద్ధనౌకల్లో తెడ్లు వేయడానికి. రేవు చేరాక చాలామంది తప్పించుకున్నారు. వ్యుర్టెంబర్గ్‌లో ఆడవాళ్ళ సంగతి వింతగా ఉంటుంది. తల్లిని జైల్లో పెడితే పిల్లలను ఎవరు చూస్తారు, వంట ఎవరు చేస్తారు? అందుకని ఆమె ఇంట్లోనే, ఆమెను గొలుసుతో కట్టేశారు, పొయ్యి దాకా, పిల్లల దాకా అందేటంత గొలుసు. పక్కింటివాళ్ళు రాకూడదు. బెర్న్ అయితే 1659లో దీనికంటూ ఒక శాఖే పెట్టింది, అనాబాప్టిస్టుల చాంబర్ అని. వేటగాళ్ళను జీతానికి పెట్టింది. వాళ్ళు ఎమ్మెంటాల్ లోయలోకి వస్తుంటే చర్చికి పోయే పొరుగువాళ్ళే ముందుగా కబురు పంపేవాళ్ళు. ఇంటి నేల కింద దాక్కునే అరలు ఉండేవి, ట్రూబ్ అనే ఊళ్ళో ఒకటి ఇప్పటికీ చూపిస్తారు.

చివరగా హాలెండు, ఆస్పెరెన్. ఇది చాలామందికి తెలిసిన కథే, కానీ ఒక ముక్క వదిలేసి చెబుతారు. డర్క్ విల్లెమ్స్ అనే అనాబాప్టిస్టు పారిపోతుంటే వెంబడించినవాడు మంచు విరిగి నీళ్ళలో పడ్డాడు, డర్క్ వెనక్కు వచ్చి బయటికి లాగాడు. లాగినవాణ్ణే పట్టుకున్నారు. వదిలేసిన ముక్క ఏమిటంటే, నీళ్ళలోంచి బయటపడినవాడు డర్క్‌ను వదిలేద్దామనే అనుకున్నాడు. గట్టు మీద నుంచి నగరాధిపతి అరిచాడు: నీ ఒట్టు గుర్తు తెచ్చుకో! ఉద్యోగంలో చేరేటప్పుడు వేసిన ఒట్టు. అప్పుడు పట్టుకున్నాడు. 1569 మే 16న డర్క్‌ను కాల్చారు. ఒట్టు వేయనివాడు ప్రాణం నిలిపాడు, ఒట్టు వేసినవాడు పట్టిచ్చాడు.

ఇక ఒట్టు దగ్గరే ఆపుతాను. 1577లో మిడెల్‌బర్గ్ అనే డచ్ నగరం మెన్నొనైట్లను పౌరుల ఒట్టు వేయమంది. మేం వేయం అన్నారు వాళ్ళు. వేయకపోతే దుకాణాలు మూయమంది. వాళ్ళు అప్పటి డచ్ నాయకుడు, ఆరెంజ్ ప్రభువు విలియంకు అర్జీ పెట్టుకున్నారు. ఆయన నగర సభకు జవాబు రాశాడు. వీళ్ళు పన్నులు కడుతున్నారు, ఊరి భారం మోస్తున్నారు, వీళ్ళను పని చేసుకోనివ్వండి. ఒట్టుకు బదులు వీళ్ళ అవును అన్న మాటనే ఒట్టుగా తీసుకోండి. ఆ మాట తప్పితే ఒట్టు తప్పినవాడికి పడే శిక్షే వీళ్ళకూ వేయండి. అంతే. ష్లైట్‌హైమ్‌లో వాళ్ళు అడిగింది, 50 ఏళ్ళ తర్వాత, ఒక కాగితం మీద సరిపోయింది.

ప్రశ్నలుంటే అడగండి.